తాడు ముట్టినవాళ్ళు

"ఈ పేరా అవసరమా మేడమ్?" అన్నాడు సోమేశ్వరరావు, లాప్‌టాప్‌ని తన వైపు తిప్పుకుని.

అవసరం కాబట్టే రాసింది ప్రమోదిని. కానీ అవసరమా అని అడిగేవాళ్ళు జవాబు కోసం అడగరని ఆమెకి తెలియనిది కాదు. చమురు, గ్యాస్ కంపెనీలకు సలహాలు చెప్పడం ఆమె ఉద్యోగం. ముంబైలో ఒక కన్సల్టింగ్ సంస్థలో పద్దెనిమిదేళ్ళుగా అదే పని. కంపెనీ ఏదైనా, ఊరు ఏదైనా తంతు మాత్రం ఒకటే. ఏం చెయ్యాలో వాళ్ళు ముందే అనుకుంటారు, ఆ తర్వాత ఆమెని పిలిచి సలహా అడుగుతారు. ఆమె చెప్పింది వాళ్ళు అనుకున్నదానితో కలిస్తే నున్నటి కాగితం మీద రంగుల్లో అచ్చువేయించుకుంటారు. కలవకపోతే, ఇదిగో, ఈ పేరా అవసరమా అంటారు.

సోమేశ్వరరావు గ్యాస్ కంపెనీకి ఇక్కడి సైట్ మేనేజరు. చెడ్డవాడేం కాదు. మర్యాదస్తుడు, మేడమ్ అనకుండా మాట మొదలుపెట్టడు. పలాసలో ఒక జీడిపప్పు దుకాణం మేడ మీద ఆఫీసు తీసుకున్నాడు. కిటికీలు బిగించి ఏసీ పెట్టించినా, వెనక వీధిలో జీడిగింజలు కాల్చే ఘాటు వాసన ఎలాగో లోపలికి వచ్చేస్తోంది. ఆ వాసనకి ప్రమోదినికి పొద్దుటి నుంచీ తలనొప్పి. మందసలో పుట్టి పెరిగిన మనిషికి జీడి ఘాటు పడకపోవడమేమిటని ఆమెకే విసుగ్గా ఉంది.

"అవసరమే," అంది. "సముద్రంలోంచి గొట్టం ఇసకలపేట దగ్గర ఒడ్డెక్కుతుంది. పని జరిగే రెండు సీజన్లూ, అంటే రెండేళ్ళు, అక్కడ వల వెయ్యొద్దంటున్నారు. పరిహారం ఇవ్వడానికి నష్టపోయేది ఎవరో తేల్చమని కదా నన్ను పిలిచారు?"

"తేలిపోయింది కద మేడమ్. పడవా వలా సొంతంగా ఉన్న ఇళ్ళు పదకొండు. రిజిస్ట్రేషన్ కాగితాలున్నాయి. రెండు సీజన్లు పోగానే గొట్టం ఇసక కిందికి పోతుంది, వాళ్ళ వల వాళ్ళు వేసుకుంటారు. మధ్యలో మీ పేరాలో ఈ 'ఇతరులు' ఎవరు?"

"అదే చూడాలి. మీరు ఎప్పుడైనా పొద్దున్నే ఆ రేవులో నిలబడ్డారా?"

"డ్రోన్ ఎగరేశాం మేడమ్. హెచ్‌డీ."

ప్రమోదిని నోట్లోకి వచ్చిన మాటని మింగేసింది. పద్దెనిమిదేళ్ళలో ఆమె మింగిన మాటలతో ఓ పుస్తకం వెయ్యొచ్చు. తను రాసిన వాక్యం ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, రాసింది రాసినట్టుగా అమలైతే చూడాలని ఆమెకి కోరిక. ఇంత చిన్న కోరిక తీరకుండానే రిటైరైపోతానేమోనని ఈ మధ్య భయం కూడా పట్టుకుంది. పైగా ఈ మూడు నెలల్లో ఆమెని సంస్థలో భాగస్వామిగా తీసుకోవాలా వద్దా అన్నది తేలుస్తారు. తేల్చేవాళ్ళలో ఒకడు ఆనంద్. ఆమె కన్నా ఎనిమిదేళ్ళు చిన్నవాడు, ఒకప్పుడు ఆమె దగ్గరే పని నేర్చుకున్నవాడు.

"రేపు పొద్దున్న నేను ఇసకలపేట వెళ్తున్నాను. ఆ పేరా అలాగే ఉంచండి," అని లేచింది.

మర్నాడు కారు టెక్కలి దాటి నౌపడ వైపు తిరిగేసరికి ఇంకా మంచు విడలేదు. రోడ్డుకి రెండు పక్కలా ఉప్పుమళ్ళు, వాటి గట్ల మీద తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు. డ్రైవరు సూర్యం పలాస మనిషి, నోరు మూతపడని మనిషి. సంతబొమ్మాళి నుంచి ఇచ్ఛాపురం దాకా తనకి తెలియని ఊరూ, బంధువు లేని వీధీ లేవన్నట్టు చెప్పుకొస్తున్నాడు. కొబ్బరితోటల్లోంచి సముద్రం కనిపించగానే మాట మధ్యలో ఆపి, కారుని ఇసక అంచున అడ్డదిడ్డంగా నిలిపేశాడు.

"మేడం, పెద్దొల లాగతన్నారు! మీరు నిమ్మళంగా రండి," అని చెప్పులు కారులోనే వదిలి పరుగెత్తాడు.

ప్రమోదినికి ఒళ్ళు మండింది. దిగి, బూట్లలో ఇసక పోతుంటే తిట్టుకుంటూ నడిచింది. వెళ్ళేసరికి సూర్యం ఒక పొడుగాటి తాడు పట్టుకుని, చుట్టూ ఉన్నవాళ్ళతో పరాచికాలాడుతున్నాడు.

"ముట్టీసేనండి మేడం. ఇంక నాకూ వోటా ఉన్నాది," అన్నాడు, చేపల్లో వాటా రావడం పెద్ద ఘనకార్యమైనట్టు.

తెల్లారగట్ల ఒక పడవ వలని అర్ధచంద్రంలా సముద్రంలో వదిలిపెట్టి వచ్చింది. దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డు మీద ఉన్నాయి. ఒక్కో తాడుకీ ఒక్కో బారు జనం. వెనక్కి వాలి, మడమలు ఇసకలో పాతి, పాట అందుకుంటూ అడుగు అడుగూ వెనక్కి నడుస్తున్నారు. బారు చివరికి చేరినవాళ్ళు తాడు వదిలి, నీళ్ళ అంచుకి పరుగెత్తి మళ్ళీ మొదట్లో అందుకుంటున్నారు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, లుంగీలవాళ్ళు, పాంట్లవాళ్ళు. నడుముకి గోనెపట్టీ కట్టుకుని, దాని కొసని తాడుకి మెలివేసి లాగుతున్న ఒక పెద్దామె ప్రమోదినిని ఎగాదిగా చూసింది.

"సూత్తావేటి తల్లీ అలగ? దిష్టి పెడితే సేప రాదు. ఓ సెయ్యెయ్యి."

ప్రమోదిని చెయ్యి వేసింది. తడితాడు అరచేతిని గీరేసింది. నాలుగడుగులు వేసేసరికి భుజాలు పట్టేశాయి, మరో నాలుగడుగులకి బూట్లు విప్పి పారేసింది. పొద్దెక్కే కొద్దీ రెండు బారులూ దగ్గరికి జరిగాయి. చివరికి వల సంచి ఒడ్డెక్కినప్పుడు ఆమె కూడా అందరితో పాటు అరిచింది. ఎందుకు అరిచిందో ఆమెకే తెలియలేదు, గొంతు మాత్రం బొంగురుపోయింది.

ఆ రోజు వలలో కవళ్ళ చేపలు పడ్డాయి, వాటితో కలిసి కాసిని నెత్తళ్ళు. వల యజమాని పైడిరాజు ఇసక మీద గొంతుక్కూర్చుని, పడవకీ వలకీ సగం తీసి పక్కన పెట్టించాడు. మిగతా సగాన్ని చిన్న చిన్న కుప్పలుగా పోయడం మొదలుపెట్టాడు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ, చేతిలో నేర్పెక్కువ. ఎవరికి ఎంత అని అడగడు, తూచడు. నిండు నెలలతో ఉన్న ఒక అమ్మాయి ముందు రెండు కుప్పలు పోశాడు.

"రెండేటి?" అని అడిగింది ప్రమోదిని. మందస వదిలి ఇన్నేళ్ళయినా యాస ఎక్కడికీ పోలేదు.

"కడుపులోనోడు కూడా ముట్టినట్టే గదమ్మా," అంది ఆ పెద్దామె. ఆమె పేరు చిన్నతల్లి.

సూర్యం ముందు ఒక కుప్ప పడింది. ఆ తర్వాత ప్రమోదిని ముందు ఇంకొకటి. ఆమె వద్దు వద్దంటూ లేచింది. పైడిరాజు ఆమె వైపు చూసి నెమ్మదిగా అన్నాడు.

"వద్దనకూడదమ్మా. తాడు ముట్టినోలికి ఎయ్యకపోతే మాకు తప్పు, తీసుకోకపోతే మీకు తప్పు. మా తాతల్నాటి నుంచి అంతే. దారినపోయే దానయ్య ముట్టినా వోటా ఉన్నాది. కాదన్నోడి వలలో గంగమ్మ సేప ఎయ్యదు."

ప్రమోదిని చున్నీ కొంగులో చేపలు పోయించుకుంది. చుట్టూ చూసింది. జీడిపిక్కలు కొట్టే పని లేని రోజున వచ్చిన ఆడవాళ్ళు, తుపానుకి కొబ్బరిచెట్లు పోయి మళ్ళీ మొక్కలు నాటుకుని అవి కాసేదాకా ఎదురుచూస్తున్న రైతులు, మొగుళ్ళు వలస పోయిన కోడళ్ళు. కంపెనీ లెక్కలో ఇళ్ళు పదకొండు. తాడు మీద చేతులు వందకి పైనే.

"నీకు పడవ లేదా అప్పా?" అని అడిగింది చిన్నతల్లిని.

"నాకు పడవెక్కడిదమ్మా? ఉన్నోడు పడవతో పాటే పోయేడు. రెండు సేతులున్నాయి. పొద్దున్న తాడు ముడతాను, వోటా తట్టకెత్తుకుని నౌపడ పోతాను, అమ్ముకుని వత్తాను." తట్టలో చేపల మీద తడి ఇసక చల్లుతూ, తలెత్తకుండానే అడిగింది. "రెండేళ్ళు ఒల ఎయ్యొద్దంతన్నారంట గదా. పడవలోలికి డబ్బులిత్తారంట. మరి మా సంగతేటి?"

ఆ ప్రశ్నకి కంపెనీ దగ్గర జవాబు ఉంది, ప్రమోదినికి ఆ జవాబు తెలుసు, నోటితో చెప్పడానికి మాత్రం సిగ్గేసింది. పైడిరాజే మాట అందుకున్నాడు.

"ముట్టినోలందరికీ రావాలమ్మా. మాకిచ్చి అప్పకి నేదంటే అదేం నాయం? అలగే రాయండి మీరు."

తిరుగు ప్రయాణంలో కారంతా చేపల వాసన. ప్రమోదినికి తలనొప్పి లేదు. ఉన్నదల్లా కోపం, కొన్నాళ్ళుగా మరిచిపోయిన రకం కోపం.

ఆనంద్ ఫోన్లో ముందు నవ్వాడు. "తాడు పట్టుకున్న ప్రతివాడికీనా? ప్రమోదినీ, క్లయింటు మనకి డబ్బిచ్చేది పని తేలిక చెయ్యడానికి. నీ ఫైలు పార్ట్‌నర్ల ముందుకి వెళ్ళే టైములో ఇది నీకు అవసరమా?"

మళ్ళీ అవసరమా. లాడ్జి గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఆమె గొంతు తగ్గించింది. కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గించాలని ఈ ఉద్యోగమే నేర్పింది.

"కంపెనీకి అప్పిచ్చే విదేశీ బ్యాంకు షరతులు నువ్వు చదివావా? కాగితం లేని జీవనోపాధిని కూడా లెక్కలోకి తీసుకోవాలని ఉంది. రేపు వాళ్ళ మనిషి వచ్చి ఆ రేవులో ఒక్క పూట నిలబడితే చాలు. రిపోర్టు మీద సంతకం నీది."

"సంతకం నాదే కదూ," అన్నాడు ఆనంద్. "సరే, రాయి. క్లయింటుని నువ్వే ఒప్పించుకో."

మర్నాడు సోమేశ్వరరావు అంత తేలిగ్గా లొంగలేదు. బ్యాంకు మాట ఎత్తగానే కుర్చీలో వెనక్కి వాలాడు, కానీ చేతులు కట్టుకునే ఉన్నాడు.

"రుజువేది మేడమ్? రేపు పలాస బజారు బజారంతా వచ్చి మేమూ లాగాం అంటే? కాగితం అంటూ ఒకటుండాలి కదా."

ప్రమోదిని ఇలాంటి ప్రశ్నల కోసమే పుట్టింది. రాత్రంతా దీని మీదే కూర్చుంది. లేచి గోడ మీది తెల్లబోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది: తాడు మీద చెయ్యే రుజువు.

"వారం రోజుల పాటు పొద్దున్నే వల లాగేటప్పుడు వీడియో తియ్యండి. తాడు మీద చెయ్యి ఉన్నవాళ్ళు లెక్కలోకి వస్తారు, లేనివాళ్ళు రారు. కాగితం అక్కర్లేదు, సాక్షులు అక్కర్లేదు, పైరవీలు అక్కర్లేదు. వాళ్ళ ఆచారమే మీ రూలు. ఎవరు కాదంటారు?"

సోమేశ్వరరావు బోర్డు వైపు చాలాసేపు చూశాడు. అతని ముఖంలో మొదటిసారి ఆమె పని పట్ల నిజమైన ఆసక్తి కనిపించింది.

"బావుంది మేడమ్. పక్కాగా ఉంది. ఒక్క సంగతి. కంపెనీ బోర్డు పాసు చేసిన పరిహారం మొత్తం మారదు. మంది పెరిగితే తలా వచ్చేది తగ్గుతుంది."

"తగ్గనివ్వండి. పంచుకోవడం వాళ్ళకి మనం నేర్పక్కర్లేదు," అంది ప్రమోదిని.

ఆ మాట తనకే ముచ్చటగా తోచింది. సోమేశ్వరరావు లాప్‌టాప్ తిప్పుకుని పేరా మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఒక్క అక్షరం తియ్యలేదు. కామా కూడా మార్చలేదు. ఆ కాసేపూ ప్రమోదినికి ఏనుగెక్కినంత సంబరం. కిందికి దిగి, అవసరం లేకపోయినా జీడిపప్పు కొని, సగం పొట్లం సూర్యం చేతిలో పోసి, "ఇసకలపేట పోదాం పద," అంది. మంచి కబురు తన నోటితోనే చెప్పాలనిపించింది.

సాయంకాలం రేవు ఖాళీగా ఉంది. పైడిరాజు పడవ నీడలో కూర్చుని, కాలి బొటనవేలికి వల తగిలించుకుని చిరుగులు అల్లుతున్నాడు. చిన్నతల్లి నౌపడ నుంచి అప్పుడే తిరిగొచ్చి, ఖాళీ తట్ట కడుక్కుంటోంది. ప్రమోదిని ఇసకలో చతికిలబడి అంతా చెప్పింది. తాడు ముట్టినవాళ్ళందరికీ వస్తుంది. ఎల్లుండి నుంచి వారం రోజులు కంపెనీ వాళ్ళు వీడియో తీస్తారు. ఎప్పటిలాగే వచ్చి లాగితే చాలు.

"ఓలమ్మ! నిజవేనేటి?" అని చిన్నతల్లి తడిచేతులు బుగ్గన పెట్టుకుంది. "పైడిరాజూ, విన్నావురా? ఆ రెండేళ్ళూ నాను ఎవులింటి గుమ్మంలోనూ నిలబడక్కర్నేదు. ఈ గుంట ఎవులో గానీ కడుపు సల్లగుండ."

పైడిరాజు తలూపాడు. అల్లకం సూది రెండుసార్లు వలలోంచి దూరి వచ్చింది, మూడోసారి ఆగింది.

"మొత్తం ఎంతనీసి ముందే అనుకున్నారేటమ్మా? మనిషికింతనా, అందరికీ కలిపి ఇంతనా?"

"అందరికీ కలిపి. మీరు చేపలు పంచుకుంటారే, అలాగే."

"సేప రేపు మల్లీ వత్తాది గదమ్మా," అన్నాడు పైడిరాజు.

మెల్లగానే అన్నాడు. కోపంగా అనలేదు, ఎత్తిపొడుపుగా అనలేదు. ప్రమోదిని నవ్వి, ఔనౌను, సముద్రం ఎక్కడికి పోతుంది అంది. సూర్యం మాత్రం నవ్వలేదు. కారెక్కాక ఏమిటయ్యా అంటే ఏమీ లేదన్నాడు.

వీడియో మొదలుపెట్టే రోజు పొద్దున్నే ఆనంద్ ఫోను. కారు అప్పుడే కొబ్బరితోటల్లోకి తిరిగింది.

"క్లయింటు మురిసిపోతున్నాడు. నీ పద్ధతిని ఈ తీరం పొడుగునా గొట్టం వెళ్ళే ప్రతి ఊళ్ళోనూ వాడతారట. నీ ఫైలు గురించి ఇంక బెంగపడకు. ఇలాంటి ఒక్క పని చాలు."

ప్రమోదిని థాంక్స్ చెప్పబోతుండగా సూర్యం బ్రేకు వేశాడు. దారి మూసుకుపోయింది. సంతబొమ్మాళి ఆటోలు, నౌపడ ఆటోలు, టెక్కలి వైపు నుంచి వచ్చిన ఒక మినీ లారీ. ఇస్త్రీ చొక్కాల వాళ్ళు, పెళ్ళికి వచ్చినట్టు తయారైన ఆడవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు. వీడియోలో పడితే డబ్బిస్తారన్న కబురు విని, జన్మలో వల మొహం చూడనివాళ్ళు కూడా తాడెక్కడ, తాడెక్కడ అని అడుగుతూ ఇసకలో పడుతూ లేస్తూ పోతున్నారు. ప్రమోదిని తర్వాత మాట్లాడతానని ఫోను పెట్టేసి, వాళ్ళ మధ్యలోంచి తోసుకుంటూ నడిచింది.

రేవులో కంపెనీ జీపు మీద స్టాండు బిగించి కెమెరా పెట్టారు. దాని ముందు, నీటి అంచు దాకా, పదకొండిళ్ళ మగవాళ్ళు తెడ్లు అడ్డంగా పట్టుకుని వరసగా నిలబడ్డారు. వాళ్ళ వెనక, లాగుడు తాడు కొస ఒకటి ట్రాక్టరుకి కట్టి ఉంది, రెండోది ఇంకో ట్రాక్టరుకి. వరస మధ్యలో పైడిరాజు. అతని ఎదురుగా, చేతికందేంత దూరంలో, నడుముకి గోనెపట్టీ కట్టుకుని చిన్నతల్లి.

"అడ్డం తియ్యిరా. పొద్దెక్కిపోతన్నాది," అంటోంది ఆమె. ఇంకా మామూలుగానే అంటోంది.

"వద్దప్పా. ఇంటికెల్లిపో."

"ఏటి, యాళాకోళవా? నీకు మీసం రాకముందు నుంచి ముడతన్నాను ఈ తాడు."

"అదంతా నాకు తెల్దేటి?" అన్నాడు పైడిరాజు. "అటు సూడు, మూడు మండలాలోలు దిగేరు. నిన్ను రానిత్తే ఆలని ఎలగ కాదంతాను? ఇది అప్ప, ఆడెవడో అనీసి కెమెరాకి తెలుసా? సెయ్యి తాడు మీద పడితే సాలు, అయిపోయె. ఇంతమందికి పంచితే మాకేటి మిగుల్తాది? ఒల మాది, పడవ మాది, రెండేళ్ళు ఆగిపోయేది మా బతుకు."

"మరి నాదో?"

చిన్నతల్లి ఒక అడుగు ముందుకి వేసింది. అతను తెడ్డుని అడ్డం తిప్పాడు. తెడ్డు ఆమెకి తగల్లేదు. తగిలినా ఆమె ముఖం అలా అయ్యేది కాదేమో.

ప్రమోదిని జీపు దగ్గరికి పరుగెత్తింది. సోమేశ్వరరావు టోపీ పెట్టుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుంటున్నాడు.

"కెమెరా ఆపించండి. ముందు ఆపించండి!"

"ఎందుకు మేడమ్? అంతా క్లియర్‌గా వస్తోంది. ట్రాక్టరు పెట్టారు కాబట్టి చేతులు కూడా ఎక్కువ లేవు."

"వాళ్ళు జనాన్ని రానివ్వడం లేదు! ఆవిడ ముప్పయ్యేళ్ళుగా..."

"ఉండచ్చు మేడమ్. కానీ తాడు మీద చెయ్యి లేదు కదా." అతను నిజంగానే ఇబ్బంది పడ్డాడు. "మీరు రాసింది రాసినట్టు చేస్తున్నాం. ఒక్క ముక్క మార్చలేదు. బ్యాంకు వాళ్ళకి కూడా పంపేశాం, ఓకే అన్నారు. ఇప్పుడు మారిస్తే మీకే బాగుండదు."

ప్రమోదిని కెమెరా వైపు చూసింది. ఎన్నేళ్ళు ఎంత మందితో కొట్లాడిందో, ఏ పేరా కోసం ఎవరి కాళ్ళూ కడుపూ పట్టుకుందో, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యం వేసింది. తన పేరా లేకుండా గొట్టం ఒక్కటే వచ్చి ఉంటే, రెండేళ్ళు ఉండి ఇసక కిందికి పోయేది. మూడో ఏట ఈ జనమంతా మళ్ళీ ఈ తాడు దగ్గరికే వచ్చేవాళ్ళు.

ట్రాక్టర్లు గుర్రుమన్నాయి, పదకొండిళ్ళవాళ్ళు మాత్రం వంతులవారీగా తాడు మీద చెయ్యి వేశారు. ఎవరూ పాట అందుకోలేదు, కేకలు లేవు. వల గంట సేపట్లో ఒడ్డెక్కింది. చూస్తూ నిలబడ్డ పొరుగూళ్ళ జనం కాసేపు తిట్టుకుని, కాసేపు సముద్రం చూసుకుని, ఆటోలెక్కి పోయారు. కానాగంత చేపలు పడ్డాయి, వల నిండింది. పైడిరాజు గొంతుక్కూర్చుని కుప్పలు పోశాడు. పదకొండు. పోసేసి, ఇంకా పొయ్యాల్సినవాళ్ళు ఉన్నట్టు చెయ్యి గాల్లో ఆపి, దించేశాడు.

చిన్నతల్లి ఎక్కడికీ పోలేదు. బోర్లించిన ఒక పాత తెప్ప మీద కూర్చుని, నడుము పట్టీ విప్పి చుట్టుకుంటోంది. పైడిరాజు తన కుప్పలోంచి రెండు దోసిళ్ళు కానాగంతలు తట్టలో పోసుకుని ఆమె దగ్గరికి నడిచాడు. మిగతా పదిళ్ళవాళ్ళూ చూస్తున్నారు. కెమెరా చూస్తోందో లేదో ఎవరికీ పట్టలేదు.

"ఇంద అప్పా. తీసుకో."

చిన్నతల్లి చేపల వైపు చూసింది. మంచి చేపలు, నౌపడ సంతలో చెయ్యి పెట్టగానే పోయేవి.

"నాను ముట్టనేదు గదరా," అంది.

"అలగనకు. నీ వోటా అనుకో."

"ముట్టకుండా వోటా ఎక్కడిదిరా? ముట్టకుండా ఇచ్చేదాన్ని ముష్టంతారు." ఆమె తట్టని అతని వైపే నెట్టింది, కోపంగా కాదు. "మీ అయ్య కూడా ఏ రోజూ నాకు సేప ఇయ్యనేదు. నా వోటా నాను తెచ్చుకున్నాను. పట్టుకుపో."

పైడిరాజు తట్ట పట్టుకుని అక్కడే ఉండిపోయాడు. చిన్నతల్లి లేచి చీర దులుపుకుని, తన ఖాళీ తట్ట తీసుకుని తోటల వైపు నడవడం మొదలుపెట్టింది. ప్రమోదిని ఇసకలో అడుగులు తడబడుతూ ఆమె వెనక పడింది.

"అప్పా, ఆగు. రాసింది నేనే. నేనే మార్పిస్తాను. ఉద్యోగం పోయినా సరే మార్పిస్తాను. ఇన్నాళ్ళూ తాడు ముట్టినవాళ్ళ లెక్క ప్రకారం అందరికీ..."

చిన్నతల్లి ఆగింది. ముఖంలో తిట్టు లేదు, శాపం లేదు. ఉంటే ప్రమోదినికి కొంత తేలిగ్గా ఉండేది.

"నీ మనసు మంచిదేనమ్మా. రాసింది మార్సగలవు, మార్సు. డబ్బులు కూడా ఇప్పించగలవేమో." తోటల గట్టు మీద అప్పుడే మరో నలుగురు ఆడవాళ్ళు ఖాళీ తట్టలతో నిలబడి ఉన్నారు. వాళ్ళ వైపు ఒకసారి చూసి మళ్ళీ ఇటు తిరిగింది. "ఇన్నాల్లూ ఆ తాడు కాడికి ఎల్లడానికి నాను ఎవుల్నీ అడగనేదు. రేపు ఆడు రమ్మంటే ఎల్తాననుకో, ఆడు రమ్మన్నాడు గాబట్టి ఎల్లినట్టే గదా?"

చిన్నతల్లి జవాబు కోసం నిలబడలేదు. గట్టెక్కి ఆ నలుగురితో కలిసి తోటల్లోకి వెళ్ళిపోయింది. రేవులో మగవాళ్ళు రేపటి కోసం వల ఆరబెడుతున్నారు. పైడిరాజు తట్టలో చేపలు అలాగే ఉన్నాయి.